కళాకారులు, ఫిలాసఫీ వాళ్లు, సోషల్ సైంటిస్టులు కలిసి పరిశోధన చేయాలంటే ఎలా?

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలు అడుగుతారు, సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు అడుగుతారు, ఫిలాసఫీ పాఠాలు చెప్పే లెక్చరర్లు కూడా ఫోన్ చేసి "మేం ముగ్గురం కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అంటారు. ఇంకొందరు మొదలుపెట్టేసి, ఆరు నెలలయ్యాక, ఒకరి ఫోన్ ఒకరు ఎత్తని స్థితికి వచ్చాక అడుగుతారు. వాళ్లకి నేను చేయగల సాయం తక్కువ. ఇలాంటి ప్రాజెక్టులు మూడింటిలో నేనున్నాను, అందులో ఒకటి మధ్యలోనే ఆగిపోయింది. ఎక్కువ నేర్పింది ఆ ఆగిపోయినదే కాబట్టి, ఇంకా మొదలుపెట్టనివాళ్ల కోసం తెలిసినదంతా ఒకచోట రాస్తున్నా.

సాధారణంగా ఏం జరుగుతుందంటే, సోషల్ సైంటిస్టు ఊళ్లు తిరిగి రిపోర్టు రాస్తారు, ఫిలాసఫీ ఆయన ముందుమాట రాస్తారు, ఆర్టిస్టు అట్టమీద బొమ్మ వేస్తారు. పుస్తకం మీద ముగ్గురి పేర్లూ ఉంటాయి. అందులోంచి ఎవరిని తీసేసినా మిగతాది చెక్కుచెదరదు. మీరు చేయబోయేది అలా ఉండకూడదనుకుంటేనే కింద రాసిందంతా పనికొస్తుంది.

చెప్పే విషయం గాల్లో ఉండకుండా ఒక ఉదాహరణ పట్టుకుని వెళదాం: తెలంగాణ పటం కథ. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డ మీద కథాపటాలు వేస్తారు. గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూత పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. ఆ పటాన్ని కథ చెప్పేవాళ్లు కొనుక్కుని ఊరూరా తీసుకెళ్లి చెబుతారు. కూనపులివారు పద్మశాలీలకి మార్కండేయ పురాణం, కాకిపడగలవారు ముదిరాజులకి పాండవుల కథ, డక్కలివారు మాదిగలకి జాంబపురాణం చెబుతారు. వేసేవాళ్లు ఒకరు, చెప్పేవాళ్లు ఒకరు, చెప్పించుకునేవాళ్లు ఒకరు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా అక్కడ కథ లేదు. మన పనికి ఇంతకంటే దగ్గరి నమూనా నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ముందుగా కావలసినవి

- మనుషులు: ముగ్గురి నుంచి ఐదుగురి దాకా. ఆరో మనిషి చేరాడంటే అది మీటింగులు పెట్టుకునే కమిటీ అయిపోతుంది.
- సమయం: కనీసం ఏడాది. సెమిస్టర్ సెలవుల్లో అయిపోతుందనుకుంటే వద్దు.
- అందరూ చేత్తో తాకగలిగే ఒక వస్తువో, వెళ్లి కూర్చోగలిగే ఒక చోటో.
- నెలకి రెండు పూర్తి రోజులు అందరూ ఒకే గదిలో ఉండే వీలు. వీడియో కాల్ మిగతా రోజులకి పనికొస్తుంది గానీ ఈ రెండు రోజుల బదులు పనికిరాదు.
- ప్రయాణాలకీ, సామానుకీ, ముఖ్యంగా జీతం లేనివాళ్ల రోజులకీ డబ్బు.
- ఒక పెద్ద నోటుపుస్తకం. అందరిదీ కలిపి ఒకటే. ఇది ఎందుకో మూడో మెట్టు దగ్గర చెబుతా.

మనుషులు దొరకడం లేదంటారు చాలామంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లయితే గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో ఫిలాసఫీ, సోషియాలజీ, ఫైన్ ఆర్ట్స్, జానపద సంస్కృతి అధ్యయనం అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. ఒక విభాగం సెమినార్‌కి ఇంకో విభాగం వాళ్లు వెళ్లడం మాత్రం తక్కువ. మీరు వెళ్లండి, వెనక వరసలో కూర్చోండి, అయిపోయాక టీ దగ్గర మాట్లాడండి. నాకు దొరికిన ఇద్దరు మంచి సహచరులూ అలా దొరికినవాళ్లే.

1. వస్తువుతో మొదలుపెట్టండి, థీమ్‌తో కాదు

"జ్ఞాపకం", "శరీరం", "అస్తిత్వం", "అభివృద్ధి" లాంటి మాటలతో మొదలైన ప్రాజెక్టుల్లో మొదటి రెండు మీటింగులు చాలా బాగుంటాయి. అందరూ తలూపుతారు. ఎందుకంటే ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకుంటారు. మూడో నెలలో తెలుస్తుంది, ఒక్కొక్కరు ఒక్కో ప్రాజెక్టు చేస్తున్నారని.

అదే నేల మీద ఒక పటం పరిచి చుట్టూ కూర్చుంటే అలా జరగదు. చిరుగు ఎక్కడుందో అందరికీ కనపడుతుంది, ఏ రంగు వెలిసిందో కనపడుతుంది. పటమే కానక్కర్లేదు. మూతపడిన నూలు మిల్లు గేటు కావచ్చు, బీడీ చాట కావచ్చు, గల్ఫ్ నుంచి వచ్చిన క్యాసెట్ ఉత్తరాలు కావచ్చు, వీధి చివర బొడ్రాయి కావచ్చు. అందరూ దాని ముందు కనీసం ఒక పూట కూర్చోగలగాలి, అంతే.

హెచ్చరిక: వస్తువుని ఎంచుకునేది ఒక్కరే అయితే ఆ ఒక్కరే బాస్ అవుతారు. ప్రతి ఒక్కరూ రెండు వస్తువులు తెచ్చి మధ్యలో పెట్టండి, తలా ఒక రోజు ఆలోచించుకుని తర్వాత ఎంచుకోండి.

2. ప్రశ్న అందరూ కలిసి తయారుచేయండి

పనిలో సగం ఇక్కడే ఉంది, దీన్ని తొందరగా దాటేయకండి. మాకు దీనికి ఏడు వారాలు పట్టింది, అయినా ఎక్కువ అనిపించలేదు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ఒక్కొక్కరూ ఆ వస్తువు గురించి పది ప్రశ్నలు రాసి తేవాలి. అన్నీ కలిపి గోడకి అతికించండి. ఇప్పుడు ఒక్కో ప్రశ్న దగ్గరా ఆగి అడగండి: దీనికి మనలో ఎవరైనా ఒక్కరే జవాబు చెప్పేయగలరా? చెప్పగలిగితే ఆ కాగితం తీసేయండి. అది మంచి ప్రశ్నే కావచ్చు, కానీ ఆ ఒక్కరి ప్రశ్న. "కథ చెప్పే కుటుంబాలు ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?" అన్నది సోషల్ సైంటిస్టు చూసుకుంటారు. "ఈ ఎరుపు ఏ రాయి నుంచి వచ్చింది?" అన్నది చిత్రకారుడు చూసుకుంటారు. తీసేయండి.

చివరికి గోడ మీద రెండో మూడో మిగులుతాయి. మాకు మిగిలిన వాటిలో ఒకటి చెబుతా. పటం వేయడం అంతా అయ్యాక, కళ్లు చివర్లో దిద్దుతారు. అలాగే వాడి వాడి చిరిగిపోయిన పాత పటానికి పూజ చేసి నీళ్లలో కలిపే ఆచారం ఉండేది. మరి మ్యూజియం అద్దాల వెనక ఉన్న పటం సంగతి ఏమిటి? దాన్ని ఎవరూ విప్పడం లేదు, దాని ముందు కథ చెప్పేవాళ్లు లేరు, అది నీళ్లలో కలవదు. అది ఇంకా పటమేనా? కళ్లు దిద్దడం అంటే చేతికి ఏం తెలుస్తుందో చిత్రకారుడు చెప్పాలి. కథ చెప్పే హక్కు ఏ కుటుంబానిది, ఆ ఊళ్లని వాళ్లలో వాళ్లు ఎలా పంచుకున్నారు, పటం మ్యూజియంకి చేరితే వంశపారంపర్యంగా వచ్చిన ఆ మిరాశీ హక్కు ఏమైంది అన్నది సోషల్ సైంటిస్టు తవ్వాలి. ఒక వస్తువు తన పని మానేశాక కూడా అదే వస్తువుగా ఉంటుందా అన్నది ఫిలాసఫీ మనిషి పట్టుకోవాలి. ఒకరి జవాబు లేకుండా ఇంకొకరి జవాబు కదలదు. మీ ప్రశ్న కూడా ఇలా ముడిపడి ఉండాలి.

సరిచూసుకోవడానికి చిన్న పరీక్ష: ప్రశ్నని మీ ఇంట్లో ఈ చదువులతో సంబంధం లేని ఒకరికి చెప్పండి. "అవును, నిజమే, ఏమవుతుంది?" అని వాళ్లు ఎదురడిగితే ప్రశ్న కుదిరింది. "అంటే ఏమిటి?" అన్నారంటే మళ్లీ గోడ దగ్గరికి వెళ్లండి.

3. మాటల పట్టిక రాయండి

ఇక్కడే అందరి పడవలూ మునుగుతాయి, అదీ చిన్న చిన్న మాటల దగ్గర. మా ప్రాజెక్టులో సోషల్ సైంటిస్టు "అన్నా, పన్నెండు నమూనాలు చాలు, వచ్చే నెలకల్లా తయారుచేద్దాం" అంది. ఆమె ఉద్దేశం ఇంటర్వ్యూలకి పన్నెండు కుటుంబాల ఎంపిక. చిత్రకారుడు సరే అన్నాడు. మూడు వారాల తర్వాత పన్నెండు చిన్న పటాలు చంకన పెట్టుకుని వచ్చాడు, గుడ్డకి పూత పూసి, గీసి, రంగులు వేసి. ఆయనకి నమూనా అంటే వేసి చూపించే మచ్చు బొమ్మ. మూడు వారాల పని. ఆ రోజు గదిలో ఎవరికీ మాట పెగల్లేదు. ఆ పన్నెండు పటాలకీ డబ్బు కట్టాం, అవి తర్వాత ఉపయోగపడ్డాయి కూడా, కానీ ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ప్రదర్శన" కూడా అంతే. ఒకరికి గ్యాలరీలో గోడకి వేలాడదీయడం, ఇంకొకరికి రాత్రంతా కథ ఆడటం. "విమర్శ" అంటే ఫిలాసఫీ వాళ్లకి విడదీసి పరిశీలించడం, బయట మామూలుగా తప్పు పట్టడం. "డేటా", "ఫామ్", "ఒరిజినల్", "పని" అన్నీ ఇలాంటివే.

అందుకే ఆ పెద్ద నోటుపుస్తకం. ఎడమ పేజీలో మాట, కుడి పేజీలో ఒక్కొక్కరికీ దాని అర్థం, ఎవరి చేతిరాతలో వాళ్లు. ఒకే అర్థానికి అందర్నీ ఒప్పించాలని చూడకండి. తేడా ఎక్కడుందో తెలిస్తే చాలు. ప్రతి మీటింగులో ఎవరైనా "ఈ మాట నాకు వేరేలా తగిలింది" అంటే మీటింగు ఆపి అప్పుడే రాయండి.

4. కాగితం మీద ఒప్పందం

స్నేహితులమే కదా, కాగితాలెందుకు అంటారు. స్నేహం నిలవాలంటేనే కాగితం కావాలి. లాయర్ భాష అక్కర్లేదు, తెలుగులో రెండు పేజీలు చాలు. కానీ కాపీరైట్ చట్టం, అంటే 1957 నాటిది, కొన్ని విషయాలు మీ తరఫున ముందే నిర్ణయించేసింది. అవి తెలిసి రాయండి.

మీరు డబ్బిచ్చి, మీ కోసమని చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ చిత్రం మీద మొదటి కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే అవుతుంది. చట్టంలో 17వ సెక్షన్. చాలామంది చిత్రకారులకి ఇది తెలియదు, వేయించుకునేవాళ్లకీ తెలియదు. కాబట్టి "కాపీరైట్ చిత్రకారుడి దగ్గరే ఉంటుంది, మిగతావాళ్లు పరిశోధన పనికి వాడుకోవచ్చు" అని స్పష్టంగా రాయండి. ఒకవేళ హక్కు ఒకరి నుంచి ఒకరికి రాసివ్వాల్సి వస్తే ఎంతకాలానికి, ఏ దేశంలో అన్నది కూడా రాయాలి. రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లు, భారతదేశం వరకు అని లెక్క. హక్కు రాసిచ్చేసినా సరే, తన పేరు ఉండాలనీ, తన పనిని పాడుచేయకూడదనీ అడిగే హక్కు కర్తకి 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది.

కథ చెప్పేవాళ్లని మర్చిపోకండి. ప్రదర్శించేవాళ్లకి విడిగా హక్కులున్నాయి, 50 ఏళ్ల పాటు. మీరు ఫోన్‌లో తీసిన రికార్డింగ్ మీదే అయినా, అందులోని కథనం మీద కథ చెప్పినాయనకి హక్కుంది. అనుమతి అడిగేటప్పుడు ఫారం చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకోకండి. ఎందుకు తీస్తున్నారు, ఎక్కడ పెడతారు, వద్దంటే ఎలా తీసేయించుకోవచ్చు అని తెలుగులో నోటితో చెప్పి, ఆయన జవాబుని రికార్డు చేయండి. ఇంకో మాట. చేర్యాల పటాలకి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ చోటి పనికే చెందుతుందని చట్టం ఇచ్చే గుర్తింపు. మీ టీంలో వేరేచోట నేర్చుకున్న ఆర్టిస్టు ఆ శైలిలో వేసి, "చేర్యాల పటం" అని పేరు పెట్టి అమ్మితే చిక్కుల్లో పడతారు.

ఒప్పందంలో ఇంకా ఉండాల్సినవి: పేర్ల వరస (అక్షర క్రమం పెట్టుకోవడం మేలు), ఎవరైనా మధ్యలో తప్పుకుంటే వాళ్ల పని ఏమవుతుంది, ఒకరు రాసింది మిగతావాళ్లు ఎన్ని రోజుల్లో చదివి చెప్పాలి.

ఒక నెల ప్రయోగంగా పనిచేసి, ఆ తర్వాతే పెద్ద ఒప్పందం రాసుకోవడం ఇంకా మంచిది. లండన్‌లో 1966లో బార్బరా స్టెవెనీ, జాన్ లాథమ్ అనే కళాకారులు మొదలుపెట్టిన ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్ కళాకారుల్ని కంపెనీల్లోకీ ప్రభుత్వ శాఖల్లోకీ పంపేది. ముందు కొన్ని వారాలు డబ్బిచ్చి చూసి రమ్మనేవాళ్లు, ఆ తర్వాతే అసలు నియామకం. పైగా ఫలానా వస్తువు తయారుచేసి ఇవ్వాలన్న షరతు ఉండేది కాదు. ఆ రెండు పద్ధతులూ ఇప్పటికీ తీసుకోదగ్గవే.

5. డబ్బు లెక్క

ప్రొఫెసర్‌కి నెలనెలా జీతం వస్తుంది. మీటింగుకి వచ్చిన రోజు కూడా వస్తుంది. చిత్రకారుడు మీటింగుకి వస్తే ఆ రోజు సంపాదన పోతుంది. కథ చెప్పే పెద్దాయన వస్తే ఆయన కూలి పోతుంది. ఈ తేడా పట్టించుకోకుండా "అందరం సమానమే" అనడం సరికాదు. బడ్జెట్‌లో మొదటి పద్దు జీతం లేనివాళ్ల రోజుకూలి. ఆలోచించిన రోజుకీ, మాట్లాడిన రోజుకీ, ఊరికే కూర్చుని చూసిన రోజుకీ కూడా. బొమ్మ వేసిన రోజుకి మాత్రమే ఇస్తే ఆయన్ని మీరు బొమ్మలు వేసే మనిషిగానే చూస్తున్నట్టు.

డబ్బు ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళల మీద పరిశోధనకి గ్రాంట్లు ఇస్తుంది, భారతీయ భాషల్లో రాసిన దరఖాస్తులు కూడా తీసుకుంటుంది. ఢిల్లీలోని ఐసీఎస్ఎస్ఆర్ అనే కేంద్ర సంస్థ సామాజిక శాస్త్రాలకి, ఐసీపీఆర్ అనేది ఫిలాసఫీకి ఇస్తాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ సీనియర్, జూనియర్ ఫెలోషిప్పులు వ్యక్తులకి ఇచ్చేవి. కాబట్టి టీంలో ఒకరు తెచ్చుకుని అందులో పనిచేయవచ్చు గానీ టీం మొత్తానికి సరిపోదు.

జాగ్రత్త: గ్రాంట్ యూనివర్సిటీ ఖాతాలోకి వస్తే కళాకారుడి డబ్బు బిల్లుల దగ్గర ఆగిపోతుంది. మా ఆగిపోయిన ప్రాజెక్టు సరిగ్గా ఇక్కడే ఆగింది. అయిదు నెలల పాటు ఒక ఆఫీసులో వోచర్ తిరిగింది, "జీఎస్టీ నంబరు ఏది, కొటేషన్లు మూడు ఏవి" అని. ఆయన ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. రావడం మానేశాడు, అంతే. దరఖాస్తు రాసేటప్పుడే అడ్వాన్స్ పద్దు పెట్టించండి, గౌరవ వేతనం కింద ఇవ్వొచ్చేమో ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

6. కలిసి వెళ్లండి, పనులు మార్చుకోండి

ఫీల్డ్‌కి అందరూ కలిసి వెళ్లాలి. సోషల్ సైంటిస్టు ముందు వెళ్లి "మెటీరియల్" తెచ్చి మిగతావాళ్లకి పంచడం వద్దు. ఇంకా ముఖ్యం, మొదటి రెండుసార్లు ఎవరి పని వాళ్లు చేయకూడదు. సోషల్ సైంటిస్టు చేతికి పెన్సిల్ ఇచ్చి గీయమనండి. ఫిలాసఫీ మనిషి రికార్డర్ పట్టుకోవాలి. ప్రశ్నలు చిత్రకారుడు అడగాలి.

మేం ఇలా చేసిన రోజు జరిగింది చెబుతా. ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన పటం విప్పుతున్నారు. రెండు కర్రల మధ్య, అయిపోయిన భాగం చుట్టుకుంటూ, రాబోయేది విప్పుకుంటూ. మామూలుగా అయితే మా సోషల్ సైంటిస్టు "మీ తాతలు ఎన్ని ఊళ్లు తిరిగేవాళ్లు?" అని అడిగేది. ఆ రోజు ఆమె గీస్తోంది కాబట్టి చూస్తోంది. చిత్రకారుడు అడిగాడు, "ఈ బొమ్మ దగ్గర అంచు ఎందుకు అరిగింది పెద్దయ్యా? పక్క బొమ్మ కొత్తగనే ఉంది గదా." పెద్దాయన నవ్వారు. "గిక్కడ్నే ఆగుత బిడ్డా. కట్టె గీడ పెట్టి కట్నాలు అడుగుత. ఇచ్చిందాక కథ కదలది." అరిగిన ఆ అంచు మీద ఏళ్ల తరబడి చూపుడు కర్ర తగిలింది. కథకి డబ్బు ఎక్కడ పుడుతుందో గుడ్డ మీద గుర్తుంది. ఆ ప్రశ్న మా ప్రశ్నావళిలో లేదు, ఉండేదీ కాదు. రంగు చూసే కన్ను ఉన్న మనిషికే తట్టింది. ఆ రాత్రి లాడ్జిలో ఫిలాసఫీ ఆయన "అంటే వాడుక కూడా బొమ్మ గీస్తోందన్నమాట" అని ఒక మాట అన్నాడు. మా ప్రశ్నకి సగం జవాబు అక్కడ మొదలైంది.

ఫీల్డ్ నుంచి వచ్చిన రాత్రే, పడుకోకముందే, ఒక్కొక్కరూ ఒక పేజీ రాయాలి లేదా గీయాలి. మిగతావాళ్లవి చూడకుండా. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర మార్చుకుని చదవండి. ఒకే అరుగు మీద కూర్చున్నవాళ్లు ఎంత వేరువేరుగా చూశారో అప్పుడు తెలుస్తుంది.

రికార్డింగులు అదే రోజు రెండుచోట్ల కాపీ చేయండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, ఎవరి గొంతు అన్నది ఉండాలి. వాట్సాప్‌లో పంపుకుంటే క్వాలిటీ పోతుంది, అసలు ఫైలు దాచండి.

7. పచ్చిగా ఉన్నప్పుడే బయటపెట్టండి

ఆరు వారాలకి ఒకసారి ప్రతి ఒక్కరూ పూర్తికాని పని ఒకటి మధ్యలో పెట్టాలి. సగం వేసిన బొమ్మ, మూడు పేజీల వాదన, నాలుగు ఇంటర్వ్యూల నోట్స్. దాన్ని తర్వాత ఇంకొకరు తమ పద్ధతిలో కొనసాగించాలి. వాదనని చిత్రకారుడు గీయాలి, బొమ్మని ఫిలాసఫీ మనిషి ప్రశ్నలుగా రాయాలి, నోట్స్‌లో ఎక్కడ అబద్ధం వినిపిస్తోందో చిత్రకారుడు చెప్పాలి.

ఇది మొదట ఇబ్బందిగా ఉంటుంది. చదువుకున్నవాళ్లకి ఎక్కువ ఇబ్బంది, పూర్తికానిది చూపించడం వాళ్లకి అలవాటు లేదు. చిత్రకారులు దీన్ని తేలిగ్గా చేస్తారు, వాళ్ల పని ఎప్పుడూ నలుగురి ముందే సాగుతుంది. వాళ్లనే మొదట పెట్టమనండి.

8. గొడవ వస్తే

వస్తుంది. తప్పకుండా వస్తుంది. సాధారణంగా రెండు చోట్ల: ఎవరి మాట చివరిది అన్నచోట, కులం గురించి మాట్లాడాల్సి వచ్చినచోట. పటం కథల్లో కులం లేకుండా ఒక్క వాక్యం కూడా నడవదు. "కళ గురించే మాట్లాడుకుందాం, అవన్నీ ఎందుకు" అని ఎవరైనా అంటే, అది మీ టీంలో ఎవరి కులాల గురించి ఎవరు మాట్లాడకుండా ఉంటున్నారో చూసుకోవాల్సిన సమయం. దాన్ని దాటేసి రాసిన పుస్తకం డక్కలి కథకుల దగ్గరికి తీసుకెళ్లి చూపించే ధైర్యం మీకు ఉండదు.

అభిప్రాయ భేదం తేలకపోతే తేల్చకండి. రెండు జవాబులూ పక్కపక్కన రాయండి, ఎవరిది ఏదో పేరుతో. చదివేవాళ్లు మెచ్చుకుంటారు. డబ్బు గొడవకి మాత్రం ఈ సూత్రం పనికిరాదు, అది ఆ వారంలోనే తేలాలి.

9. తిరిగి తీసుకెళ్లండి

అచ్చు వేయకముందే, ప్రదర్శన పెట్టకముందే, ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకున్నారో వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. రాసింది చదివి వినిపించండి, బొమ్మలు పరచండి. వాళ్లు తప్పన్నది మార్చడానికి కనీసం రెండు నెలలు టైం పెట్టుకోండి. నమస్కారాలు, ఫోటోలు, శాలువా అయిపోయి వచ్చేస్తే అది తిరిగి తీసుకెళ్లడం కాదు. మాకు ఒక చోట "ఈ కథ ఆడవాళ్ల ముందు ఇట్ల చెప్పం, ఇది రాయొద్దు" అన్నారు. తీసేశాం. మా దగ్గర ఉన్నవాటిలో మంచి పేజీ అదే, అయినా తీసేశాం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కళాకారుడిని చివర్లో పిలవడం అన్నిటికంటే పెద్దది. రిపోర్టు అయిపోయింది, "విజువల్స్" కావాలి అని పిలిస్తే ఆయన చేయగలిగేది అలంకారమే. ఫిలాసఫీ మనిషిని మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే పిలవడం దాని తమ్ముడు. మధ్యలో బస్సు ప్రయాణాల్లోనే అసలు ఆలోచన జరుగుతుంది, అప్పుడు ఆయన లేకపోతే లాభం లేదు.

అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకోవడం ఇంకొకటి. ఇద్దరికి ఇంగ్లీషు సులువు, ఒకరికి తెలుగే సులువు అయితే భాష తెలుగే. "ఆంటాలజీ" (ఏది ఉంది, ఎలా ఉంది అన్న విచారం) లాంటి మాట అనకుండా చెప్పలేని సంగతి ఉంటే, ఆ సంగతి మీకే ఇంకా తేటపడలేదు. మీటింగు నోట్స్ కూడా తెలుగులోనే.

పెద్ద సంస్థని చూసి వాళ్లలా చేయాలనుకోవడం కూడా దెబ్బతీస్తుంది. ఢిల్లీలో 2000లో సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ కింద సరాయ్ అనే కేంద్రం మొదలైంది. రక్స్ మీడియా కలెక్టివ్ కళాకారులు ముగ్గురు, రవి వాసుదేవన్, రవి సుందరం అనే ఇద్దరు పరిశోధకులు కలిసి కట్టింది. పారిస్‌లోని సియాన్స్ పో యూనివర్సిటీలో 2010లో ఫ్రెంచ్ తత్వవేత్త బ్రూనో లాతూర్ కళాకారులనీ సామాజిక శాస్త్రవేత్తలనీ ఒకే తరగతిలో కూర్చోబెట్టే కోర్సు పెట్టారు. వాటి గురించి చదవండి, చాలా నేర్చుకోవచ్చు. కానీ వాటికి భవనం, సిబ్బంది, ఏళ్ల తరబడి నిలిచే ఆసరా ఉన్నాయి. మీకు ఒక గది, నెలకి రెండు రోజులు ఉన్నాయి. దానికి తగ్గ ప్రశ్న పెట్టుకోండి.

అన్నీ కుదరకపోతే

ఫిలాసఫీ మనిషి దొరకకపోతే యూనివర్సిటీలోనే వెతక్కండి. వేమన పద్యాలు, అచల తత్వాలు పాడి అర్థం చెప్పేవాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు. వాళ్లు వేసే ప్రశ్నలు సెమినార్ హాల్లో వినపడే వాటికంటే పదునుగా ఉంటాయి. డబ్బు అస్సలు లేకపోతే వస్తువు మీ ఊళ్లోనే ఎంచుకోండి, ప్రయాణం ఖర్చు పోతుంది, ఏడాది పనిని మూడు నెలలకి కుదించండి. టీంలో ఒకరు డాలస్‌లోనో లండన్‌లోనో ఉంటే వాళ్ల వంతు పాత పటాలు అక్కడి మ్యూజియంలలో ఏమైనా ఉన్నాయేమో వెతకడం పెట్టండి. కానీ ఏడాదిలో ఒకసారైనా వాళ్లు వచ్చి అరుగు మీద కూర్చోవాలి.

పని కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

ఏడాది చివర ఒక పూట కూర్చుని ఇవి చూసుకోండి.

ఒకటి, ఎవరి భాగమైనా మొత్తంగా తీసి పక్కన పెట్టి మిగతాది చదవండి. ఏమీ తేడా పడకపోతే ఆ మనిషిని మీరు వాడుకోలేదు.

రెండు, ఒక్కొక్కరినీ అడగండి: "మిగతా ఇద్దరి వల్ల నువ్వు ఏ అభిప్రాయం మార్చుకున్నావు?" ఫలానా రోజు, ఫలానా సంగతి అని జవాబు రావాలి. "చాలా నేర్చుకున్నా" అంటే రాలేదన్నట్టు లెక్క. మా సోషల్ సైంటిస్టు ఇప్పుడు ఏ ఊరెళ్లినా ముందు వస్తువు అంచులు చూస్తుంది. చిత్రకారుడు కొత్త పటాల్లో కట్నాలడిగే బొమ్మ పక్కన కర్ర ఆనడానికి కాస్త ఖాళీ వదులుతున్నాడు.

మూడు, మాటల పట్టిక తెరవండి. మొదటి నెల ఎంట్రీలకీ చివరి నెల వాటికీ తేడా ఉండాలి. ఒకే మాట కింద అర్థాలు కాస్త దగ్గరకి జరిగి ఉంటాయి, లేదా ఎవరో పాత అర్థం కొట్టేసి కొత్తది రాసి ఉంటారు. పట్టిక మొదటి రెండు నెలల తర్వాత ఖాళీగా ఉంటే మీరు మాట్లాడుకోవడం అప్పుడే ఆపేశారు.

నాలుగు, డబ్బు పుస్తకం. జీతం లేనివాళ్లకి ఇవ్వాల్సింది ఒక్క రూపాయి మిగిలినా ప్రదర్శన తేదీ వేయకండి. ముందు అది కట్టి రండి, ఆహ్వాన పత్రాలు తర్వాత అచ్చు వేయించుకోవచ్చు.